దిక్సూచి వెనక ఎర్ర తీగ

మూడు వారాలుగా విల్లాడ్స్ మాస్టారికి కాలు ఒకచోట నిలవడం లేదు. బడిలో పాఠం చెబుతున్నంతసేపూ బల్లల మధ్య తిరుగుతూనే ఉంటాడు. ఇంటికొస్తే కాఫీ కప్పు చేత్తో పట్టుకుని కిటికీకీ పొయ్యికీ మధ్య తిరుగుతాడు.

"కాస్త కూర్చుని తాగరాదూ? నువ్వు తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అంది భార్య మెరేటె ఆ ఉదయం కూడా.

"మీ నాన్న రాత్రి పడుకున్నాడా?"

"ఏం పడుకోవడం. తెల్లారగట్ల నేను లేచేసరికి వంటింట్లో కూర్చుని దీపస్తంభాల పేర్లు వరసగా చెప్పుకుంటున్నాడు. ఉత్తరం నుంచి దక్షిణానికి, మళ్ళీ దక్షిణం నుంచి ఉత్తరానికి. ఒక్కటి కూడా తప్పలేదు. అయినా మళ్ళీ మొదలుపెట్టాడు."

మెరేటె తండ్రి థోర్కిల్ ఆ దీవిలో నలభై ఏళ్ళుగా మరపడవ నడుపుతున్న సరంగు. అక్టోబరులో ఒక మధ్యాహ్నం రొయ్యల వేట ముగించుకుని, కళాసి ఆక్సెల్‌తో కలిసి దక్షిణంగా ఇంటి దారి పట్టాడు. పొగమంచు కమ్మేసింది. ముక్కు ముందు చెయ్యి పెట్టుకుంటే కనబడనంత మంచు. అలాంటి రోజుల్లో దిక్సూచిని నమ్ముకుని రావడం ఆయనకు కొత్త కాదు. కానీ ఆ రోజు పడవ రేవు ముందుకి రావలసింది పోయి, పడమటి వైపు మునిగి ఉన్న రాళ్ళ మీదికెక్కింది. వల లాగే గిలక ఊడి ఆక్సెల్ కాలు మీద పడింది. మోకాలి కింద ఎముక రెండుచోట్ల విరిగింది.

విచారణ జరిగింది. తనిఖీ అధికారి వచ్చి రేవులో కట్టేసి ఉన్న పడవలో దిక్సూచిని పరీక్షించి, ఒక్క డిగ్రీ కూడా తేడా లేదని రాసుకున్నాడు. ఇంక తప్పు ఎవరిది? సరంగు నిద్రపోయి ఉండాలి, లేదా కాఫీలో సారా కలుపుకుని ఉండాలి. జెట్టీ మీద రెండు మాటలూ వినబడ్డాయి. థోర్కిల్ మొదట్లో "నేను దక్షిణానికే పట్టాను, నా కళ్ళతో చూశాను," అన్నాడు. రెండో వారానికి "దక్షిణమనే అనుకున్నాను," అన్నాడు. మూడో వారానికి ఏమీ అనడం మానేశాడు. ఎవరైనా పలకరిస్తే "వయసైపోయింది," అని లోపలికి వెళ్ళిపోయేవాడు.

మామగారు అలా తన మీద తనే నమ్మకం పోగొట్టుకోవడం విల్లాడ్స్ చూడలేకపోతున్నాడు. అయినా తనకెందుకింత అలజడి అంటే మాత్రం అతనికే తెలియదు.

*

ఆ రోజు ఎనిమిదో తరగతికి విద్యుత్తు, అయస్కాంతం పాఠం. పంతొమ్మిదేళ్ళుగా ప్రతి నవంబరులోనూ చెబుతున్నదే. ఒక్కో బల్లకీ ఒక బ్యాటరీ, మూర పొడుగు రాగి తీగ, అగ్గిపెట్టెంత దిక్సూచి ఇచ్చాడు.

"తీగని ముల్లుకి సరిగ్గా పైన, ముల్లు చూస్తున్న వైపుగానే పట్టుకోండి. ఇప్పుడు రెండు కొసలూ బ్యాటరీకి తగిలించండి. తగిలించి వెంటనే తీసెయ్యాలి. పట్టుకునే కూర్చుంటే తీగ వేడెక్కి చెయ్యి కాలుతుంది, తర్వాత నన్ననకండి."

బల్లల మీద ముళ్ళు ఒక్కసారిగా పక్కకి తిరిగాయి. తీసేస్తే మళ్ళీ ఉత్తరానికి వచ్చి ఊగి ఊగి ఆగాయి. ఇప్పుడు కొసలు తారుమారు చెయ్యమన్నాడు. ఈసారి ముళ్ళు రెండో వైపుకి తిరిగాయి.

"తీగ ముల్లుని ముట్టుకుందా? లేదు. మరి ఎవరు తిప్పారు? కరెంటు పారుతున్న తీగ తన చుట్టూ తనే అయస్కాంత క్షేత్రం పుట్టిస్తుంది. చెరువులో రాయి వేస్తే చుట్టూ వలయాలు వస్తాయి చూశారా, అలా తీగ చుట్టూ వలయాలుగా ఉంటుంది. కరెంటు ఆపగానే అదీ పోతుంది. నూటనలభై ఏళ్ళ కిందట కోపెన్‌హాగెన్‌లో ఒక ప్రొఫెసరు పాఠం చెబుతూ ఇదే చూశాడు. అప్పటిదాకా కరెంటు వేరు, అయస్కాంతం వేరు అనుకునేవాళ్ళు."

చివరి బల్ల దగ్గర సోల్వాయ్ చెయ్యెత్తింది. ఆక్సెల్ కూతురు. నాన్న మంచాన పడ్డప్పటి నుంచి తరగతిలో నోరు విప్పని పిల్ల.

"మాస్టారూ, మాది తిరగడం లేదు."

విల్లాడ్స్ వెళ్ళి చూశాడు. ఆమె తీగని మధ్యలో మడిచి, రెండు పాయలూ జడలా మెలిపెట్టి ముల్లు మీద పట్టుకుంది.

"మెలిపెట్టావు కదా. ఒక పాయలో కరెంటు ఇటు పోతుంది, రెండో పాయలో అటు తిరిగొస్తుంది. ఒకటి ముల్లుని కుడికి తొయ్యబోతే రెండోది ఎడమకి తోస్తుంది. రెండూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పాయలు విడదీసి చూడు."

ఆమె ఒక పాయని దూరంగా లాగింది. ముల్లు గిర్రున తిరిగింది. సోల్వాయ్ దాన్ని కాసేపు చూసింది.

"అయితే మాస్టారూ, పడవలో దిక్సూచి పక్కన తీగ ఉన్నా ఇంతేనా? పెద్ద దిక్సూచి అయినా?"

"ఏ దిక్సూచి అయినా అంతే. తీగలో ఎంత ఎక్కువ కరెంటు పారితే, తీగ ఎంత దగ్గరగా ఉంటే అంత..."

మాట మధ్యలో ఆగిపోయింది. చేతిలో సుద్దముక్క విరిగింది.

జూన్‌లో మామగారి అరవయ్యో పుట్టినరోజు. చలికాలంలో చుక్కాని గది అద్దానికి ఆవిరి పట్టేస్తే ఆయన చొక్కా చేత్తో తుడుచుకుంటూ నడుపుతాడని, అద్దం మీదికి వేడిగాలి ఊదే చిన్న యంత్రం ఒకటి కొని బిగించింది అల్లుడే. పెద్దాయన వద్దన్నాడు. "మీరుండండి మామయ్యా, గంట పని," అన్నాడు తను. స్విచ్ పైకప్పు కింద. అక్కడి నుంచి ఎర్ర తీగ దగ్గర దారిలో, దిక్సూచి పెట్టె వెనకగా నిటారుగా కిందికి దించి, కనబడకుండా చెక్కపట్టీ బిగించాడు. ఎంత శుభ్రంగా కుదిరిందో అని రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు కూడా. నల్ల తీగకి మాత్రం అవతలి గోడ మీద పాత గొట్టం ఖాళీగా ఉంటే అందులోంచి తిప్పాడు.

పోయే తీగ ఒక దారి, వచ్చే తీగ ఇంకో దారి.

"అంత ఏమిటి మాస్టారూ?" అన్నారెవరో.

"అంత ఎక్కువ తిరుగుతుంది," అన్నాడు. తర్వాత ఏం చెప్పాడో అతనికి గుర్తు లేదు.

*

గంట కొట్టగానే సైకిలెక్కి రేవుకి పోయాడు. ఇంటికి వెళ్ళి చెప్పి వద్దామని కూడా తోచలేదు. ఎదురుగాలి. నవంబరు కదా, నాలుగు కాకముందే వెలుతురు తగ్గిపోతోంది. దారి పొడుగునా తనతో తనే వాదించుకున్నాడు. అధికారి పరీక్షించాడు, తేడా లేదన్నాడు. వేసవంతా పడవ సజావుగానే తిరిగింది. తిరగదూ మరి, వేసవిలో వేడిగాలి యంత్రం ఎవరు వేస్తారు? అధికారి వచ్చిన రోజు స్విచ్చులన్నీ ఆపే ఉన్నాయి. ఆపి ఉంటే ఆ తీగ ఉన్నా లేనట్టే. పొగమంచు పట్టి, అద్దం మసకేసి, చలేసిన రోజునే దానితో పని. అలాంటి రోజే మనిషికి దిక్సూచి తప్ప వేరే దిక్కు లేదు.

థోర్కిల్ పడవ పేరు ఎలీసె. పోయిన భార్య పేరు పెట్టుకున్నాడు. కొత్త పలకలు వేసి, రంగు ఇంకా వేయని పక్కభాగంతో జెట్టీకి కట్టేసి ఉంది, ముక్కు దక్షిణానికి పెట్టి. విల్లాడ్స్ ఎక్కి చుక్కాని గదిలోకి వెళ్ళాడు. దిక్సూచి గిన్నెలో అంకెలు రాసిన బిళ్ళ నిశ్చలంగా తేలుతోంది. దక్షిణం దక్షిణంగానే ఉంది.

స్విచ్ వేశాడు. యంత్రం బుర్రుమంది. బిళ్ళ ఒక క్షణం ఏమీ చెయ్యలేదు, తర్వాత నిద్రలో ఒత్తిగిలినట్టు మెల్లగా కదిలింది. ఐదు, పది, పదిహేను. పదిహేడు డిగ్రీల దగ్గర నిలబడింది. ఆపాడు. వెనక్కొచ్చింది. మళ్ళీ వేశాడు. పదిహేడు.

అతను చుక్కాని పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడొచ్చిన ఆలోచనకి తర్వాత చాలా రోజులు సిగ్గుపడ్డాడు. పనిముట్ల డబ్బా బల్ల కిందే ఉంది. చెక్కపట్టీకి ఆరు మరలు. ఎర్ర తీగని లాగి నల్ల తీగ ఉన్న గొట్టంలోకి మార్చడానికి పావుగంట చాలు. పడవకి ఇంకెప్పుడూ ప్రమాదం ఉండదు. ఎవరికీ తెలియదు. మామగారు ఎలాగూ వయసైపోయిందనే అనుకుంటున్నాడు. విచారణ ముగిసింది. ఇప్పుడు తవ్వి తీస్తే ఆక్సెల్ కాలు అతుక్కుంటుందా? తీగ మారిస్తే మంచిదే కదా, చెడు ఏముంది అందులో? మొదటి మర విప్పాడు. రెండోది బిగుసుకుపోయి ఉంది. గట్టిగా తిప్పాడు, చెయ్యి జారి వేలు చీరుకుంది.

జెట్టీ మీద సైకిలు పడేసిన చప్పుడు. పడవ ఒక పక్కకి ఒరిగింది. తలుపులో సోల్వాయ్ నిలబడి ఉంది, ఊపిరాడక రొప్పుతూ, చేతిలో బడి దిక్సూచి పట్టుకుని.

"చెప్పకుండా తెచ్చేశాను మాస్టారూ, రేపు ఇచ్చేస్తాను," అంది. తర్వాత అతని చేతిలో స్క్రూడ్రైవరు చూసింది, బుర్రుమంటున్న యంత్రాన్ని చూసింది, బిళ్ళని చూసింది. "మీరూ అందుకే వచ్చారా? నేను తరగతి అయినప్పటి నుంచీ అదే అనుకుంటున్నాను. ఇక్కడేదో తీగ ఉంటుందని."

విల్లాడ్స్ పక్కకి జరిగి ఆమెకి దారిచ్చాడు.

"ఎంత తిరిగింది?"

"పదిహేడు డిగ్రీలు."

"అయితే తాత నిద్రపోలేదు," అంది ఆ పిల్ల. "మా నాన్న రోజూ అంటాడు, ముసలాడు నిద్రపోయి నా కాలు తీశాడని. నిద్రపోలేదన్నమాట." ఆమె వంగి చెక్కపట్టీ వెనక్కి తొంగి చూసింది. "ఏ తెలివితక్కువ మనిషి వేశాడు మాస్టారూ దీన్ని? ఎనిమిదో తరగతి కూడా చదవలేదా?"

గాలికి తాళ్ళు స్తంభానికి టకటకా కొట్టుకుంటున్నాయి. విల్లాడ్స్ యంత్రం ఆపాడు.

"నేనే వేశాను, సోల్వాయ్."

ఆమె నవ్వబోయి, అతని మొహం చూసి మానేసింది. అతను విప్పిన ఒక్క మరా బల్ల మీద దొర్లుతుంటే తీసి అతని చేతిలో పెట్టింది.

"మరైతే ఇది విప్పకండి. తాత చూడాలి కదా," అంది.

*

థోర్కిల్‌ని పడవ దాకా తీసుకురావడమే పెద్ద పని అయింది. రేవు వైపు రానని భీష్మించుకున్నాడు. చివరికి మెరేటె కోటు తెచ్చి ఆయన భుజాల మీద వేసి, "నాన్నా, అల్లుడు అడుగుతున్నాడు, ఒక్కసారి వెళ్ళిరా," అంది. ఎందుకో ఆమెకీ తెలియదు. భర్త మొహం చూసి అడగలేదు.

చుక్కాని గదిలో విల్లాడ్స్ ఏమీ వివరించలేదు. "మామయ్యా, దిక్సూచి చూస్తూ ఉండండి," అని స్విచ్ వేశాడు.

బిళ్ళ కదిలింది. ముసలాయన కనుబొమ్మలు ముడిపడ్డాయి. తనే చెయ్యి చాచి స్విచ్ ఆపాడు. వేశాడు. ఆపాడు. లెక్కపెట్టలేదు కానీ ఇరవైసార్లయినా చేసి ఉంటాడు. ఆ తర్వాత సొరుగులోంచి సముద్రపు పటం తీసి బల్ల మీద పరిచి, కొలబద్ద, పెన్సిలు అందుకున్నాడు.

"వల ఎత్తింది ఇక్కడ. గంటన్నర వచ్చాం, గంటకి ఏడు మైళ్ళు." దక్షిణానికి ఒక గీత గీశాడు. అది తిన్నగా రేవు ముందుకి వచ్చింది. "పదిహేడు డిగ్రీలు పడమరకి తప్పితే..." రెండో గీత గీశాడు. పెన్సిలు మొన మునిగిన రాళ్ళ గుర్తు మీద ఆగింది. కావాలని గురిచూసి గీసినట్టు సరిగ్గా దాని మీద.

థోర్కిల్ కళ్ళజోడు తీసి, మూలనున్న పెట్టె మీద కూర్చున్నాడు.

"అయితే నా బుర్ర బాగానే ఉంది," అన్నాడు, ఎవరితోనో చెబుతున్నట్టు.

"బాగానే ఉంది మామయ్యా. తీగ వేసింది నేను. రెండు తీగలూ కలిపి మెలిపెట్టి వెయ్యాలి. ఆ సంగతి పిల్లలకి ఏటా చెబుతాను. వేసేటప్పుడు తట్టలేదు."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఇవాళ. తరగతిలో. ఈ పిల్ల అడిగితే."

"తెలిశాక నేరుగా నా దగ్గరికి వచ్చావా?"

విల్లాడ్స్ తలుపు దగ్గరున్న సోల్వాయ్ వైపు చూడలేదు. "లేదు. ముందు తీగ మార్చేద్దామని వచ్చాను. ఒక మర విప్పాను."

ముసలాయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. విల్లాడ్స్‌కి ఆయన తిడితే బాగుండుననిపించింది.

"మూడు వారాలు రాత్రిళ్ళు కూర్చుని నా పేరు, మీ అత్త పేరు, దీపస్తంభాల పేర్లు చెప్పుకున్నానురా," అన్నాడు చివరికి. "మర్చిపోతున్నానేమోనని. కాలిరిగిన వాడికి కాలే ఇరిగింది." లేచి పటం మడతపెట్టాడు. "విచారణ వాళ్ళకి ఉత్తరం నువ్వే రాయి. ఒక మర విప్పిన సంగతి రాయక్కర్లేదు. కానీ ఆక్సెల్‌కి అన్నీ చెప్పు. అది నేను చెప్పను."

*

ఆక్సెల్ ఇంట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు, కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని. బల్ల మీద రై రొట్టె, పొగబెట్టిన చేప సగం తిని వదిలేసి ఉన్నాయి. విల్లాడ్స్‌ని చూసి, పిల్ల చదువు సంగతేమో అనుకుని "కూర్చోండి మాస్టారూ," అన్నాడు. విల్లాడ్స్ కూర్చోలేదు. నిలబడే చెప్పాడు, మర సంగతితో సహా.

ఆక్సెల్ చివరిదాకా విన్నాడు. అయ్యాక కూతురి వైపు తిరిగాడు.

"నిజమేనా?"

"నిజమే నాన్నా. నేను చూశాను. మడిచిన తీగతో తిరగలేదు, విడదీస్తే తిరిగింది."

"నేను ఊరంతా చెప్పాను," అన్నాడు ఆక్సెల్. "ముసలాడు నిద్రపోయాడని. విచారణలో కూడా చెప్పాను. నేను కింద రొయ్యలు ఏరుతున్నాను, చూడలేదు, అయినా చెప్పాను. పద్దెనిమిదేళ్ళు ఆయన పక్కన పనిచేసి."

"తప్పు నాది, ఆక్సెల్."

"తీగ తప్పు మీది. ఈ తప్పు నాది. దీన్ని కూడా మీరు తీసుకోకండి." కాలు స్టూలు మీద సర్దుకుని, "మాస్టారూ, ఇప్పుడు వెళ్ళండి. నాకు మీ మీద కోపం ఉంది. ఎన్నాళ్ళుంటుందో తెలియదు. తగ్గితే కబురు పెడతాను," అన్నాడు.

కబురు ఆ చలికాలంలో రాలేదు.

ఉత్తరం వెళ్ళింది. అధికారి మళ్ళీ వచ్చి, ఈసారి స్విచ్ వేసి చూసి, పాత రిపోర్టు కొట్టేసి కొత్తది రాశాడు. జాలర్ల సంఘం వాళ్ళు విల్లాడ్స్‌ని పిలిచి, ఈ తీగ గోల ఏమిటో అందరికీ చెప్పమన్నారు. ఒక ఆదివారం మధ్యాహ్నం ముప్ఫైమంది మగవాళ్ళు పొగాకు వాసనలో కూర్చుని, అతను బ్యాటరీ తగిలించి ముల్లు తిప్పుతుంటే చూశారు. వెనక వరసలోంచి ఒకతను అడిగాడు: "మాకు ఎనిమిదో తరగతిలో ఇది చెప్పింది మీరే కదా మాస్టారూ?"

"నేనే."

"మరి అప్పుడు నాకు అర్థం కాలేదు లెండి. ఇప్పుడైంది."

నవ్వులు లేచాయి. విల్లాడ్స్ నవ్వలేకపోయాడు. మర్నాటి నుంచి బడి కాగానే పడవ పడవకీ వెళ్ళి తీగలు చూశాడు. పదకొండు పడవల్లో రెండింటికి అదే రోగం. ఒకదాంట్లో చుక్కాని గది దీపానికి, ఇంకోదాంట్లో అద్దం తుడిచే వైపరుకి. అయితే పనిముట్లు మాత్రం అతని చేతికి ఎవరూ ఇవ్వలేదు. "మీరు వేలు పెట్టి చూపించండి చాలు, విప్పేది మేం చూసుకుంటాం," అన్నారు. ఆ మాటలో ఎగతాళి ఎంతో, నిజం ఎంతో అతనికి తెలియలేదు. చూపించి దిగిపోయేవాడు.

ఏప్రిల్‌లో థోర్కిల్ మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళాడు. పక్కన ఆక్సెల్. ఆ ఇద్దరూ ఎప్పుడు, ఎలా మాట్లాడుకున్నారో ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఆక్సెల్ ఎడమకాలు కొంచెం కురచగా అతుక్కుంది. పడవ మీద నిలబడితే తెలియదు, జెట్టీ మీద నడిస్తే తెలుస్తుంది.

మే మొదట్లో ఒక సాయంత్రం సముద్రం మీద మంచు దిగింది. ఎలీసె రావలసిన వేళ దాటింది. మెరేటె వంట చేసుకుంటూ, వస్తార్లే అంది. విల్లాడ్స్ ఉండలేక జెట్టీ మీదికి వెళ్ళి, ఆ కొస నుంచి ఈ కొసకి నడిచాడు. ఈ కొస నుంచి ఆ కొసకి నడిచాడు. తెల్లటి మంచులో ఏ శబ్దం ఎటు నుంచి వస్తోందో తెలియడం లేదు. చివరికి ఇంజను చప్పుడు వినిపించింది. పడమర నుంచా అని చెవులు రిక్కించాడు. కాదు, ఉత్తరం నుంచి, తిన్నగా.

పడవ ముక్కు మంచులోంచి బయటపడింది. చుక్కాని గది అద్దం వెనక ముసలాయన తల. ముందు భాగంలో ఆక్సెల్ తాడు చుట్ట పట్టుకుని నిలబడి ఉన్నాడు. జెట్టీ మీద ఉన్నదెవరో చూశాడు. ఆరు నెలల్లో మొదటిసారి అతనితో మాట్లాడాడు.

"అలా చూస్తూ నిలబడ్డారేం మాస్టారూ, పట్టుకోండి," అని తాడు విసిరాడు.